పేరు ఒకరిది, డౌన్‌లోడ్ ఇంకొకరిది

ఈ సంచిక మీకు అందేసరికి అమెరికా యూనివర్సిటీల్లో ఫాల్ సెమిస్టర్ మొదలవుతుంటుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి కొత్తగా దిగిన మన పిల్లలు ముగ్గురూ నలుగురూ కలిసి అపార్టుమెంట్లు తీసుకుంటున్నారు. కరెంటు ఒకరి పేరున, ఇంటర్నెట్ మరొకరి పేరున పెట్టుకుని, నెలాఖరుకు స్ప్లిట్‌వైజ్‌లో లెక్క తేల్చుకుంటారు. ఇంటర్నెట్ తన పేరున పెట్టుకున్నవాడికి ఇందులో ఒక చిక్కుంది. ఆ వైఫై మీద ఎవరు ఏ సినిమా టోరెంట్‌లో దించుకున్నా కోర్టు కాగితం వచ్చేది అతనికే. చేరిన వారంలోనే ఈ సంగతి వాళ్ల చెవిన వేయడం మన సంఘం బాధ్యత అనుకుంటున్నాం.

టోరెంట్‌లో సినిమా ఒకచోటి నుంచి రాదు. అదే సినిమా దించుకుంటున్న పదిమంది కంప్యూటర్ల నుంచి ముక్కలు ముక్కలుగా వస్తుంది. మనకు వచ్చిన ముక్క వచ్చినట్టే మన దగ్గర్నుంచి ఇంకొకరికి వెళ్తుంటుంది. కాబట్టి ‘నేను చూసుకోవడానికే దించుకున్నాను, ఎవరికీ పంచలేదు’ అంటే చెల్లదు. ఆ గుంపులో ఎవరి ఐపీ అడ్రస్ అయినా అందరికీ కనిపిస్తుంది. హక్కుదారులు పెట్టుకున్న నిఘా సంస్థలు అక్కడే చేరి అడ్రసు, తేదీ, సమయం రాసిపెట్టుకుంటాయి. మనిషి ఎవరో తెలియదు కనుక ‘జాన్ డో’ మీద ఫెడరల్ కోర్టులో కేసు పడుతుంది. మన దేశంలో కోర్టులు ఈ అనామకుణ్ణే అశోక్ కుమార్ అంటాయి. కోర్టు అనుమతితో ఇంటర్నెట్ కంపెనీని అడిగి ఖాతాదారు పేరు రాబడతారు. ఆ తర్వాత రాజీకి వస్తావా, కోర్టుకు వస్తావా అని లాయరు ఉత్తరం.

చట్టంలో ఉన్న అంకెలు చూస్తే చాలామంది రాజీకే ఎందుకు మొగ్గుతారో అర్థమవుతుంది. అమెరికా కాపీరైట్ చట్టం కింద ఎంత నష్టం జరిగిందో రుజువు చేయకుండానే ఒక్కో కృతికి 750 నుంచి 30,000 డాలర్ల దాకా పరిహారం రాబట్టుకోవచ్చు. తెలిసీ చేశారని తేలితే అది 1,50,000 డాలర్ల దాకా పోతుంది. 2003 సెప్టెంబరులో రికార్డింగ్ కంపెనీల సంఘం ఒక్క రోజునే 261 మంది మీద కేసులు వేసింది. అందులో న్యూయార్క్‌లోని 12 ఏళ్ల పాప కూడా ఉంది. తల్లి 2,000 డాలర్లు కట్టి బయటపడింది. మిన్నెసోటాలో ఒకావిడ రాజీకి ఒప్పుకోక కోర్టుకెక్కింది. విచారణకు వచ్చినవి 24 పాటలు. 2007లో జ్యూరీ 2,22,000 డాలర్లు కట్టమంది. రెండోసారి విచారణలో అది 19 లక్షలు దాటింది, మూడోసారి 15 లక్షలైంది. చివరికి 2012లో అప్పీలు కోర్టు మొదటి అంకెనే ఖాయం చేసింది. అప్పట్లో ఐట్యూన్స్‌లో పాట ఖరీదు 99 సెంట్లు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే.

2008 చివర్లో రికార్డింగ్ కంపెనీల సంఘమే ఇక ఇలా మూకుమ్మడిగా కేసులు వేయబోమని చెప్పింది. కానీ సినిమా వాళ్లు ఆ కేసుల దారి పట్టారు. 2011లో ‘ద హర్ట్ లాకర్’ సినిమాకు దాదాపు 25 వేల మంది అనామకుల మీద ఒకే దావా పడింది. ప్రెండా లా అనే లాయర్ల ముఠా అయితే అశ్లీల చిత్రాలను తామే టోరెంట్‌లో పెట్టి, దించుకున్నవాళ్లను పరువు తీస్తామని బెదిరించి డబ్బు గుంజింది. దాని సూత్రధారులిద్దరికీ 2019లో జైలుశిక్ష పడింది. ఇప్పటికీ అమెరికాలో ఇలాంటి కేసుల్లో అధిక భాగం అశ్లీల చిత్రాలవే. దించుకున్నవాడు రూమ్మేటైనా, సిగ్గుతో డబ్బు కట్టేది ఖాతాదారు.

కోర్టులకూ ఈ సంగతి తెలియకపోలేదు. ఒరెగాన్‌లో సంరక్షణ కావలసినవాళ్లను చూసుకునే ఒక ఇంటి యజమానిపై సినిమా కంపెనీ వేసిన కేసులో, ఐపీ అడ్రస్ ఒక్కటే చూపించి ఖాతాదారే దించుకున్నాడనడం కుదరదని తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2018లో చెప్పింది. ఆ వైఫై అక్కడుండేవాళ్లూ, వచ్చిపోయేవాళ్లూ వాడుకునేదే. ఆయన లాయరు ఖర్చు సినిమా కంపెనీ మీదే పడింది. జర్మనీలో మాత్రం ఖాతాదారుకు ఇంత వెసులుబాటు లేదు. ‘అబ్మానుంగ్’ అనే నోటీసు పేరు అక్కడ చదివే మన పిల్లలకు బాగా తెలుసు. 2017లో అక్కడి అత్యున్నత న్యాయస్థానానికి వచ్చిన కేసులో, ముగ్గురు పిల్లల్లో రిహానా ఆల్బమ్ ఎవరు పంచారో తల్లిదండ్రులకు తెలుసు. పేరు మాత్రం చెప్పలేదు. చెప్పకపోతే మీరే కట్టుకోండని కోర్టు తేల్చింది. మూడున్నర వేల యూరోల పైమాట!

మా అభిప్రాయం స్పష్టంగా చెబుతాం. పైరసీ సైటు పెట్టి ప్రకటనల మీద సంపాదించేవాడినీ, అద్దె గదిలో సినిమా దించుకున్న విద్యార్థినీ ఒకే గాటన కట్టే చట్టం సరైనది కాదు. ఇంటివాడకానికి పరిహారం వందల్లో ఉండాలి, లక్షల్లో కాదు. అలాగని దించుకోవడం ఒప్పయిపోదు. 2013లో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే చాలా భాగం బయటికి పొక్కింది. పెద్ద హీరో సినిమా కనుక తట్టుకుంది. కొత్త దర్శకుడి చిన్న సినిమాకు ఆ దెబ్బ తగిలితే మళ్లీ లేవదు. 2025 నవంబరులో ఐబొమ్మ అనే పైరసీ సైటు నడిపాడంటూ హైదరాబాద్ పోలీసులు ఒకరిని పట్టుకుంటే, టికెట్ల రేట్లు చూపించి అతన్ని వెనకేసుకొచ్చినవాళ్లు ఎందరో. ప్రీమియర్ టికెట్ ఖరీదైనదే, నిజం. కానీ కొన్ని వారాలు ఆగితే చాలా సినిమాలు ఓటీటీలో వచ్చేస్తున్నాయి. ఆ మాత్రం ఓపిక పట్టలేమా?

ఇక కొత్తగా వచ్చిన పిల్లలకు నాలుగు మాటలు. ఇంటర్నెట్ మీ పేరున ఉంటే టోరెంట్లు వద్దని రూమ్మేట్లకు మొదటి రోజే చెప్పండి, మొహమాటపడకండి. ఉత్తరం వస్తే చించి పారేయకండి. జవాబివ్వకపోతే కోర్టు అవతలివాళ్లు అడిగినట్టే తీర్పు ఇచ్చేయవచ్చు. వీసా పోతుందేమోనన్న భయంతో అడిగినంతా కట్టేయకండి కూడా. ఇది సివిల్ వ్యవహారం. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు న్యాయ సలహా ఇచ్చే విభాగం ఉంటుంది, ముందు అక్కడికి వెళ్లండి. ఈ మాటలనే ఒక కాగితం మీద అచ్చువేసి, ఈసారి స్వాగత కార్యక్రమంలో పంచాలని సంఘాన్ని కోరుతున్నాం.

పెద్దలకూ ఒక మాట. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే కథలూ వ్యాసాలూ చూడండి. రాసినవాడి పేరు తీసేసి, కింద ‘సేకరణ’ అని పెడతారు. పుస్తకానికి పుస్తకమే పీడీఎఫ్‌గా వస్తుంది. భారత చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులు వారసులవి. 1915లో పోయిన గురజాడ అందరివాడు. 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు 2043 ముగిసేదాకా హక్కుదారులున్నారు. తెలుగు రచయిత ఎవరి మీదా 1,50,000 డాలర్లకు దావా వేయడు. వేయడన్న ధైర్యంతోనే మనం అతని పేరు కొట్టేస్తున్నాం.

అందుకని మా నియమం ఇక్కడే చెబుతున్నాం. ఈ సంచిక పీడీఎఫ్ మొత్తాన్ని ఎవరికైనా, ఎంతమందికైనా పంపండి. ఇందులోంచి ఒక కథో కవితో విడిగా తీసి వేరేచోట వేయాలనుకుంటే మాత్రం రచయితను అడగండి. చిరునామా లేకపోతే మాకు రాయండి, మేమే అడిగిపెడతాం. పేరు మాత్రం తీయకండి.

– సంపాదకవర్గం