గృహవైద్యము: నాలుక రంగు



గత ఆషాఢమున మేము కోరుట్లలో బంధువుల యింటనుండగా, పొరుగింటి యిల్లాలు కుమారుని చేయి పట్టుకొని పరుగున వచ్చినది. "అక్కా, పోరని నాలుక నల్లగైంది, సూడుండ్రి" అని కన్నీరు పెట్టుకొన్నది. వానిచే పుక్కిలింపించి శుభ్రమైన గుడ్డతో తుడువగా, గుడ్డకు ఊదారంగంటినది. వాడు నేరేడుపండ్లు తినియుండెను! అందరమును నవ్వుకొంటిమి. అయితే బిడ్డకు చూపుటకై ఆమె తన నాలుకను చాపినపుడు ప్రక్కభాగమున తెల్లని మచ్చ యొకటి కనబడినది. తుడిచినను అది పోలేదు. ఎన్నాళ్లనుండి యున్నదో ఆమెకే తెలియదు.

వైద్యుడు పరీక్షింపవలసిన యెనిమిదింటిలో నాలుక యొకటియని మన ఆయుర్వేదము చెప్పుచున్నది. దానిని చూచుట కష్టము కాదు. ఉదయమున కాఫీ, తాంబూలములకు ముందు నోరు పుక్కిలించి, వెలుతురున అద్దము చేతబట్టి, నాలుక పైభాగమునేకాక ప్రక్కలను, క్రిందిభాగమును గూడ చూడవలయును.

తుడిచిన పోవునది తిండి రంగు. ఇనుపధాతువు గల ద్రవౌషధముల వలనను నాలుక నల్లబడవచ్చును. దానికై మందు మానరాదు. సూక్ష్మజీవినాశక మందులు వాడినవారికిని, పొగ త్రాగువారికిని నల్లని నూగువంటి పొర యేర్పడుట కలదు. నాలుకను శుభ్రపరచుకొనిన అది క్రమముగా తగ్గును. దేశపటమువలె ఎఱ్ఱని మచ్చలేర్పడి, చోటు మారుచుండిన సాధారణముగా భయములేదు. పెరుగు తరకలవంటి తెల్లదనము బూజుజాతి వ్యాధి. పసిపిల్లలకును మధుమేహము గలవారికిని తరచు వచ్చును, మందుతో నయమగును.

నాలుక పాలిపోయిన రక్తహీనతను, నునుపై ఎఱ్ఱబడి మండుచుండిన ఇనుము లేక బి12 జీవసత్త్వపు కొరతను శంకింపవలయును. మాంసము ముట్టక, పాలు పెరుగులును చాలనివారికి బి12 కొరత కలుగును. రక్తపరీక్ష చేయించిన సంగతి తేలును. పిల్లలకు జ్వరముతోబాటు నాలుక ఎఱ్ఱబడి గరుకుదేలినను జాగుచేయరాదు. నాలుకయు పెదవులును నీలవర్ణమై ఆయాసమున్నచో, అది ప్రాణవాయువు చాలని గుర్తు. తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలయును.

ఇక తుడిచినను పోని తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, మానని పుండు, గట్టిపడిన చోటు: ఇవి నొప్పిలేకుండినను రెండు వారములు దాటిన వైద్యునకు చూపవలయును. ఇట్టివానిలో కొన్ని క్యాన్సరుగా మారవచ్చును. పొగాకు, గుట్కా, పోకచెక్క లిందులకు ముఖ్య కారణములు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో తునికాకు కత్తిరించి బీడీలు చుట్టు సోదరీమణులెందరో కలరు. పొగాకు ఒడిలోని చేటలోనే యుండుటచే చిటికెడు నోట వేసికొనుట కొందరికి సులభముగా అలవాటగును. మా పొరుగు యిల్లాలికిని అదియే యలవాటు.

ఆమెను బ్రతిమాలి జగిత్యాలకు తోడ్కొనిపోతిమి. వైద్యులు చిన్న ముక్క తీసి పరీక్షించి, ఇంకను క్యాన్సరు కాలేదనియు, పొగాకు మానవలయుననియు చెప్పిరి. ఆమె మానినది, అప్పుడప్పుడు పరీక్షకు పోవుచున్నది. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి గనుక దూరమను సాకును మనకు లేదు.

బిడ్డ నాలుక నల్లబడిన పరుగెత్తిన ఆ తల్లి, వేయి బీడీల తొందరలో తన నాలుకను చూచుకొననేలేదు. మనలో ననేకులమిట్టివారమే. రేపుదయమున పిల్లల నాలుకలు చూచిన పిమ్మట ఆ యద్దమును మనవైపునకు గూడ త్రిప్పుకొందము.