ఐదింటికి లేచి ఎవరి పని చేస్తున్నాం?

రాబిన్ శర్మ ‘ది 5 ఏఎమ్ క్లబ్’ 2018లో వచ్చింది. ఇప్పుడు మా సాఫ్ట్‌వేర్ వాళ్లలో పొద్దున్నే లేవడం ఓ అర్హత అయి కూచుంది. లేచి ఏం చేస్తున్నారయ్యా అంటే, రాత్రి అమెరికా వాళ్లు పెట్టిన మెయిళ్లకి జవాబులు. తొమ్మిదింటి చాకిరీని ఐదింటికే మొదలుపెట్టి దానికి క్రమశిక్షణ అని పేరు. నేనూ రెండేళ్లు ఇదే చేశాను. అప్రైజల్‌లో మెచ్చుకున్నారు. ఆ రెండేళ్లలో ఒక్క నవల పూర్తిగా చదవలేదు.

అయినా నేను పొద్దున లేవాలనే అంటాను. బ్రహ్మముహూర్తం మహిమ గురించి కాదు. జీతమిచ్చేవాడు ఇంకా కొనుక్కోని గంటలు రోజంతటిలో అవే కాబట్టి.

ఆంథొనీ ట్రాలప్ బ్రిటిష్ తపాలా శాఖ ఉద్యోగి. పొద్దున ఐదున్నరకల్లా బల్ల ముందు కూచునేవాణ్ణని 1883లో వచ్చిన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఎదురుగా గడియారం, పావుగంటకి 250 మాటలు. మొత్తం మీద 47 నవలలు రాశాడు.

“అందరి ఒళ్లూ ఒకటేనా? కాఫ్కా రాత్రుళ్లు రాయలేదా?” అంటారు. రాశాడు. ‘ది జడ్జ్‌మెంట్’ 1912 సెప్టెంబరులో ఓ రాత్రి పదింటికి మొదలుపెట్టి పొద్దున ఆరింటికి ముగించాడు. కానీ ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసు మధ్యాహ్నం రెండింటికి అయిపోయేది. మన రాత్రులు కాల్స్‌కి పోతాయి. పన్నెండింటికి మిగిలిన బుర్ర రీల్స్‌కి తప్ప దేనికీ పనికిరాదు.

ట్రాలప్‌ని లేపి కాఫీ అందించినవాడు గుర్రాలు చూసే ఓ ముసలి పనివాడు. అందుకు ఏడాదికి 5 పౌన్లు అదనం. తన విజయానికి అందరికంటే అతనికే ఎక్కువ ఋణపడ్డానేమో అని కూడా ట్రాలప్ రాసుకున్నాడు. మనం ఆ మాత్రం కూడా ఒప్పుకోం. మా అమ్మ ముప్ఫయ్యేళ్లు నాలుగున్నరకే లేచింది. పాలు, టిఫిను, మూడు క్యారేజీలు. ఆమెని ఏ క్లబ్బులోనూ చేర్చుకోలేదు, ఆ చీకట్లో ఒక్క గంటైనా ఆమెది కాలేదు. టోనీ మారిసన్ తెల్లవారకముందే రాయడం మొదలుపెట్టింది, పిల్లలు ‘అమ్మా’ అని పిలిచేలోపు దొరికే సమయం అదొక్కటే అని.

అంచేత పొద్దున్నే లేవమని చెప్పేవాళ్లని నేనొకటే అడుగుతాను: మీరు లేచేసరికి స్టవ్ ఎవరు వెలిగించారు? మా ఇంట్లో ఇప్పుడు వంతులు పెట్టుకున్నాం. మూడు రోజులు వంటిల్లు నాది, మూడు రోజులు పుస్తకం నాది. నా భార్యకీ అదే లెక్క. ఆదివారం ఇద్దరం నిద్రపోతాం. మెయిల్ తొమ్మిదింటిదాకా ఆగుతుంది. ఇంతవరకూ ఏ సర్వరూ కూలిపోలేదు.