ఈ వేసవిలోనే ఎరువు గుంత తవ్వుదాం

కొత్తపట్నం రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా!

మనది ఇసుక నేల. దొరువు నీళ్లు ఎన్ని పోసినా ఇట్టే కిందికి దిగిపోతాయి. వాటి వెంటే చల్లిన యూరియా కూడా దిగిపోతుంది. ఈ ఇసుకకు పట్టు రావాలంటే నేలలో చివికిన ఎరువు ఉండాలి. గుండ్లకమ్మ, మూసీల మధ్య పెరిగిన ఒంగోలు జాతిని బ్రెజిల్ పట్టుకెళ్లి కోట్ల మందగా పెంచుకుంది. అదే గడ్డ మీద బతుకుతున్న మన పొలాలకు పశువుల ఎరువు కరువైందంటే బాధపడాల్సిన మాటే. ట్రాక్టరు వచ్చాక కాడి ఎద్దులు తగ్గిపోయాయి, నిజమే. ఉన్న పాడిగేదెల పేడనైనా దక్కించుకుంటున్నామా?

దారి పక్క పెంటదిబ్బ దగ్గర ఒక్కసారి ఆగి చూడండి. పైన ఎండకు కాలి పెళుసుబారిన పెచ్చు. కింద వానకు కారిపోయిన గోధుమరంగు నీరు. ఆ కారిపోయిందే సారం. ఇక మూత్రాన్ని చావిట్లోనే మట్టిపాలు చేస్తున్నాం. పశువు విడిచే నత్రజనిలో దాదాపు సగం మూత్రంలోనే పోతుందని గుర్తుంచుకోండి. చావిట్లో ఎండుగడ్డి, వేరుశనగ పొట్టు, రాలిన ఆకు పరిస్తే అవి ఆ మూత్రమంతా పీల్చుకుంటాయి. పొద్దున్నే పేడతో కలిపి గుంతలోకి ఎత్తెయ్యవచ్చు.

గుంత మూడడుగుల లోతు చాలు. నీడ ఉంటే మంచిది, వాన నీరు లోపలికి రాకుండా గట్టు తప్పదు. నిండాక పైన పేడా మట్టీ కలిపి మెత్తాలి. నాలుగైదు నెలలకు తవ్వితే పేడ వాసన ఉండదు, నల్లగా, పొడిపొడిగా చేతిలో రాలుతుంది. అప్పుడే పొలానికి తోలండి. పచ్చి పేడ తోలితే వేరుశనగకు వేరుపురుగునూ చెదనూ మనమే పిలిచినట్టు.

తోలించిన ఎరువును చిన్న కుప్పలుగా పోసి వారాల తరబడి వదిలెయ్యడం మన ఊళ్లలో పెద్ద తప్పు. అందులోని నత్రజని గాలిలో కలిసిపోతుంది. చల్లిన రోజే దున్ని కలిపెయ్యాలి.

లెక్క చూడండి. పది టన్నుల మాగిన ఎరువులో సుమారు 50 కిలోల నత్రజని ఉంటుంది. 45 కిలోల యూరియా బస్తాలు రెండున్నరకు దగ్గరగా వస్తుంది. పొటాషూ దాదాపు అంతే. సూక్ష్మపోషకాలు అదనం. అయితే మొదటి పంటకు అందే నత్రజని మూడో వంతే, తక్కినది తర్వాతి పంటలకు. కాబట్టి యూరియా ఈ ఏడే మానెయ్యమని చెప్పడం లేదు. నేల బలపడేకొద్దీ తగ్గించుకుంటూ రండి.

ఇక్కడే అసలు చిక్కు. కౌలు రైతు ఎరువెందుకు తోలిస్తాడు? 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలే. ఈ ఏడు అతను పెట్టిన ఖర్చు వచ్చే ఏడు మరొకరికి పండుతుంది. భూమిగల పెద్దలారా, తోలకపు ఖర్చులో సగం మీరు భరించండి, లేదా మూడేళ్లపాటు అదే రైతుకు మాటిచ్చి నిలబెట్టుకోండి. సారం పెరిగేది మీ పొలంలోనే కదా. సెంటు భూమి లేకపోయినా రెండు గేదెలు మేపుకునే ఇళ్లున్నాయి. ఆ పేడకు న్యాయమైన ధర కట్టండి, బేరమాడి తక్కువకు లాక్కోవద్దు.

నల్లరేగడిలో మిరప, పత్తి వేసే గుంటూరు, ప్రకాశం అన్నదమ్ములకూ నాదొక్కటే విన్నపం: పత్తి కట్టెను తగలబెట్టకండి. ముక్కలు చేసి గుంతలో పేడతో కలిపి మాగనివ్వండి.

ఒక్కో ఇల్లు విడివిడిగా చేస్తే ఈ పని సగంలో ఆగుతుంది. వీధికి నలుగురైదుగురు కలిసి ఒక ఉమ్మడి గుంతకు చోటు చూడండి. తోలకానికి ఒకే ట్రాక్టరు మాట్లాడుకోండి. తవ్వే మనిషి లేని ఇంటికి పక్కింటివాళ్లు పారతో వెళ్లండి. వానలు ముంచుకురాకముందే, ఈ వారంలోనే మొదలుపెట్టండి.