గంధర్వుడు పడ్డాడు, కానీ…

విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ' కథేంటో ఎవరైనా రెండు ముక్కల్లో చెబితే వెంటనే చదవాలనిపిస్తుంది. గుర్రం తల, రెక్కలు ఉన్న గంధర్వుడొకడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర దెబ్బ తగిలి పడి ఉంటాడు. జనం ఎగబడతారు. బోనులో పెడతారు. అతను మాట్లాడేది సంస్కృతం. తెలుగులో ఫాంటసీకి ఇంతకన్నా మంచి మొదలు నేనైతే చూడలేదు.

అందుకే కోపం. పుస్తకం మూసేసరికి నాకు ఆ మొదలు తప్ప ఏం మిగల్లేదు.

నా గొడవ ఒక్కటే. ఈ గంధర్వుడికి రెక్కకి తగిలిన దెబ్బ మనసుకి తగల్లేదు. బోనులో ఉన్నా బెంగ లేదు. తనకు తెలిసినదాని మీద అనుమానం రాదు. ఎదుటివాళ్ల సైన్సు, తెలివి అన్నీ అతని ముందు తేలిపోవడానికే ఉన్నాయి. ప్రతి చర్చలో గెలుపెవరిదో ముందే తెలిసిపోతే ఇక చదవడం దేనికి?

"మనల్ని వింత జంతువుల్లా చూసినవాళ్లని వెక్కిరిస్తే తప్పా?" అంటారు. తప్పు కాదు. వలస పాలన చూసిన రచయితకి ఆ కసి ఉండటం న్యాయమే. కొన్నిచోట్ల నేనూ నవ్వాను. కానీ తెల్లవాడు సర్వజ్ఞుడిలా మాట్లాడితే ఒళ్లు మండే మనం, గంధర్వుడు అదే పని చేస్తే చప్పట్లు కొట్టాలా?

"దేవజాతి కదా, అతనికి బెంగేంటి?" అని ఇంకో జవాబు. దీనికి పురాణాలే ఒప్పుకోవు. హాహా, హూహూ అనేవి పాత గంధర్వుల పేర్లు. గజేంద్రమోక్షంలో ఏనుగు కాలు పట్టిన మొసలి ఎవరనుకున్నారు? దేవలుడి శాపం తగిలిన ఈ హూహూయే. భాగవతం అతన్ని మొసలిని చేసి నీళ్లలో పడేసింది. చక్రం దెబ్బ తిన్నాకే వదిలింది. అంత కథ ఆ పేరులోనే ఉంది. నవల దాని జోలికే పోలేదు.

ఆయనకి చేతకాక కాదు. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' చూడండి. పంచతంత్రం విష్ణుశర్మ, తిక్కన కలిసి ఒక తెలుగు లెక్చరర్ కలలోకొచ్చి ఇంగ్లీషు నేర్పమంటారు. అక్కడ మహాపండితుడు విద్యార్థి. ఈ భాష ఇలా ఎందుకుందని అడుగుతుంటే మేష్టారు నీళ్లు నములుతాడు. వెటకారం అదే, కానీ నేర్చుకోవడానికి కూర్చున్నవాడి నోట దానికి పదునెక్కువ. వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషు అనువాదంలో పెంగ్విన్ ఈ రెంటినీ ఒకే పుస్తకంగా వేసింది. పక్కపక్కన చదివితే తేడా మీకే తెలుస్తుంది.

ఇదంతా నాకెందుకంటారా? నేను బాన్సువాడలో తెలుగు మీడియం చదివి, ఇంజనీరింగ్‌కి హైదరాబాద్ వచ్చినవాణ్ణి. మొదటి సెమిస్టర్‌లో నోరు విప్పితే క్లాసంతా తిరిగి చూసేది. బోను ఎట్లుంటదో నాకు తెలుసు. అందులో ఉన్నవాడు వాదనలు గెలుస్తూ కూర్చోడు. రాత్రిళ్లు హాస్టల్లో ఇంగ్లీషు మాటలు బట్టీ పడతాడు. ఇంటికి ఫోన్ చేసి అంతా మంచిగనే ఉంది అంటాడు. కొన్నాళ్లకి తన యాసని తనే దాచేసుకుంటాడు.

ఈ నవల ఆ మనిషి గురించి అవుతుందని ఆశపడ్డాను. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఒక్క రాత్రయినా ఆ గంధర్వుడికి ఇల్లు గుర్తొచ్చి ఉంటే, ఈ పుస్తకం నేనే పదిమందికి కొనిచ్చేవాణ్ణి.