జబ్బు ఆమెది, సమాచారం ఎవరి చేతిలో?

అండాశయ క్యాన్సర్ మన ఇళ్లలోకి ఎక్కువగా గ్యాస్ ట్రబుల్ పేరుతోనే వస్తుంది. పొట్ట ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండినట్టుండటం, పొత్తికడుపులో సలుపు, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం... ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలతో కొన్ని నెలలు, టౌన్లో ఎండోస్కోపీ చేయించుకుని మరికొన్ని నెలలు గడిచిపోతాయి. పొట్టలో నీరు చేరాక స్కాన్ తీస్తే, చాలామందిలో అప్పటికే జబ్బు మూడో దశకు చేరి ఉంటుంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 47 వేల మంది కొత్తగా దీని బారిన పడుతున్నారు, దాదాపు 33 వేల మంది చనిపోతున్నారు. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తర్వాత మన ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. లక్షణాలేవీ లేనప్పుడే దీన్ని పట్టి ప్రాణం కాపాడే స్క్రీనింగ్ పరీక్ష ఇంకా రాలేదు. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా మహిళలతో సాగిన సుదీర్ఘ అధ్యయనం కూడా ఏటా రక్తపరీక్షలు, స్కాన్లు చేసినంత మాత్రాన మరణాలు తగ్గలేదని 2021లో తేల్చింది.

అందుకే ఈ జబ్బు విషయంలో ‘ముందే చూపించుకోండి’ అన్న సలహా ఒక్కటే సరిపోదు. రిపోర్టు చేతికొచ్చిన తర్వాతి రెండు మూడు వారాల్లో ఆ ఇంటికి ఏం తెలుస్తుంది, ఎవరు చెబుతారు, ఎవరికి చెబుతారు అన్నవి చాలా సంగతుల్ని తేలుస్తాయి. మన ఆసుపత్రులు ఆపరేషన్లు చేస్తున్నాయి, కీమో ఇస్తున్నాయి. సమాచారం ఇవ్వడాన్ని మాత్రం చాలాచోట్ల వైద్యంలో భాగంగా చూడటం లేదు. ఆ పని వాట్సాప్ గ్రూపులకు, యూట్యూబ్‌కు, అమెరికాలో ఉన్న చుట్టాలకు వదిలేశారు.

మొదట తెలిసేది ఎవరికి? కొడుక్కి, భర్తకు, అల్లుడికి. ‘అమ్మకు చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేదు’ అనే మాట క్యాన్సర్ వైద్యులు వినని రోజుండదు. ఆ మాటలో ఉన్న ప్రేమను నేను శంకించను. కానీ దాచడం వల్ల ఆమెకు జరిగే నష్టం ఎంతో ఆ బిడ్డలకు తెలియదు. మేనత్త రొమ్ములో గడ్డతో పోయిందనీ, అమ్మమ్మ పొట్టలో నీరు చేరి చనిపోయిందనీ చాలా కుటుంబాల్లో గుర్తున్నది ఆమె ఒక్కదానికే. ఈ జబ్బులో వైద్యుడికి అత్యవసరమైన ఆ చరిత్ర, జబ్బు పేరే తెలియని మనిషి నోటి నుంచి ఎలా వస్తుంది? అండాశయాలు తీసేశాక ఒక్కసారిగా ముంచుకొచ్చే మెనోపాజ్ గురించి, ఒంట్లోంచి ఎగదన్నే ఆవిర్ల గురించి, దాంపత్యం గురించి ఆమెకు ప్రశ్నలుంటాయి. కొడుకు పక్కన నిలబడి ఉండగా వాటిని ఏ తల్లి అడుగుతుంది? పైగా ఆ రహస్యం నిలిచేదీ కాదు. కీమో వార్డులో పక్క బెడ్ మీది మనిషే చెప్పేస్తుంది. అప్పటి నుంచి ఆమె తనకు తెలియనట్టు, ఇంట్లోవాళ్లు ఏమీ లేనట్టు నటిస్తూ బతకాలి. ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అనేది ఆమెనే అడిగి తేల్చుకోవచ్చు. అడగకుండానే ఆమె తరఫున తీర్మానించడం తప్పు.

ఇక తెలుసుకోవాల్సిన వాటిలో మొట్టమొదటిది, ఆపరేషన్ ఎవరు చేస్తారన్నది. ఈ జబ్బులో కంటికి కనిపించే గడ్డ అంతటినీ తీసేయగలిగారా లేదా అన్నది తర్వాతి జీవితకాలాన్ని బలంగా ప్రభావితం చేస్తుంది. పేగుల మీద, పొట్ట పొరల మీద, డయాఫ్రమ్ కింద వ్యాపించిన జబ్బును తొలగించడం గైనిక్ ఆంకాలజీలో ప్రత్యేకంగా శిక్షణ పొందిన సర్జన్ చేయాల్సిన పని. మన దగ్గర ‘సిస్టు’ అనుకుని ఊళ్లోని నర్సింగ్ హోమ్‌లోనే లాప్రోస్కోపీ చేయించేస్తారు. క్యాన్సర్ ఉన్న సిస్టు లోపల పగిలితే, అండాశయానికే పరిమితమై ఉన్న జబ్బు దశ కూడా మారిపోతుంది. అలాగని అనుమానం వచ్చిన ప్రతిదీ క్యాన్సర్ కాదు. సీఏ-125 అనే రక్తపరీక్షలో అంకె పెరిగితే చాలు ఇల్లంతా ఏడుపు మొదలవుతుంది. ఎండోమెట్రియోసిస్‌లో పెరుగుతుంది, ఫైబ్రాయిడ్లలో పెరుగుతుంది, మన దేశంలో పొట్ట టీబీలోనూ పెరుగుతుంది. టీబీ అనుకుని క్యాన్సర్‌ను వదిలేసినవాళ్లూ ఉన్నారు, క్యాన్సర్ అని బెదిరిపోయి చివరికి టీబీ అని తేలినవాళ్లూ ఉన్నారు. కణజాల పరీక్ష లేకుండా ఆ పేరు ఖాయం చేసుకోకూడదు.

మన రాష్ట్రాల్లో ఎక్కువగా ఉన్న ఇంకో చిక్కు గర్భసంచి ఆపరేషన్లు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశవ్యాప్తంగా సుమారు 3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. ‘గర్భసంచే లేదు, ఇంక ఆ జబ్బు ఎలా వస్తుంది’ అన్న నమ్మకంతో పొట్ట ఉబ్బరాన్ని పట్టించుకోని వాళ్లున్నారు. ఆనాడు అండాశయాలు కూడా తీశారో ఉంచారో చాలామందికి తెలియదు, చెప్పినవారు లేరు, డిశ్చార్జి కాగితం ఏ బీరువాలోనో పోయింది. ఆ కాగితం ఉంటే వెతికి పట్టుకెళ్లండి.

జన్యు పరీక్ష సంగతి మన దగ్గర మరీ తక్కువగా చెబుతున్నారు. ఎపిథీలియల్ రకం అండాశయ క్యాన్సర్ వచ్చిన ప్రతి మహిళకూ బీఆర్‌సీఏ జన్యువుల పరీక్ష చేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఆ జన్యువుల్లో లోపం ఉన్నట్టు తేలితే ఆమె వైద్యమే మారవచ్చు. కీమో పూర్తయ్యాక ఓలాపారిబ్ మాత్రలు వాడిన ఇలాంటి మహిళల్లో జబ్బు ముదిరే లేదా ప్రాణం పోయే ముప్పు 70 శాతం తగ్గిందని 2018లో వెలువడిన సోలో-1 ట్రయల్ చూపింది. ఇందులో ఆమె కూతుళ్ల బతుకూ ఇమిడి ఉంది. బీఆర్‌సీఏ-1 లోపం ఉన్న స్త్రీకి జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 40 శాతం నుంచి 60 శాతం దాకా ఉంటుంది, మామూలుగా అయితే ఒక శాతం పైచిలుకే. ఈ లోపం తండ్రి వైపు నుంచీ వస్తుంది, కొడుకులకూ సంక్రమిస్తుంది. పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో పరీక్ష వద్దనే కుటుంబాలున్నాయి. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కౌన్సెలింగ్ అవసరమయ్యేది అక్కడే.

ఈ మాటలన్నీ చెప్పేవారు లేనిచోట వదంతి చొరబడుతుంది. లక్ష్మణఫలం ఆకుల కషాయం, గోధుమగడ్డి రసం, ‘చక్కెర మానేస్తే క్యాన్సర్ ఆకలితో చస్తుంది’ అనే వీడియోలు. 2024లో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్య క్యాన్సర్ ఆహార నియమాలతో తగ్గిందని చెబితే, టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రికి చెందిన 262 మంది వైద్యులు దానికి శాస్త్రీయ ఆధారం లేదని బహిరంగ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆమె ఆపరేషన్, కీమో కూడా చేయించుకున్నారు. నాకు బాధ కలిగించేది కషాయం తాగడం కాదు, కషాయాన్ని నమ్మి రెండు కీమోల మధ్య గడువు దాటబెట్టడం.

వదంతిలాగే అంకెలూ బాధిస్తాయి. ‘మూడో స్టేజీలో ఎన్నేళ్లు’ అని ఫోన్లో వెతికి, కనిపించిన సగటును తన జాతకంగా చదువుకునే మనిషికి ఒక విషయం చెప్పాలి. అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్‌కు 1982లో అరుదైన క్యాన్సర్ వచ్చింది. ఆ జబ్బుకు మధ్యగత జీవితకాలం ఎనిమిది నెలలు. అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ కాలమే బతుకుతారని ఆయన గుర్తించి, దానిమీద వ్యాసం రాశారు. తర్వాత ఇరవై ఏళ్లు జీవించారు. అండాశయ క్యాన్సర్ కూడా ఒకటే జబ్బు కాదు. చిన్న వయసు అమ్మాయిల్లో వచ్చే జెర్మ్ సెల్ రకం కీమోకు బాగా లొంగుతుంది, చాలామందిలో సంతానయోగ్యతనూ కాపాడవచ్చు. ఆ సగటు అంకెలో ఇవేవీ కనబడవు.

సాయం అసలు లేదనడం సరికాదు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, 2000లో మొదలైన బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రులు, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ ఆధ్వర్యంలోని హోమీ భాభా ఆసుపత్రి, తిరుపతిలో టాటా ట్రస్టుల సంస్థ ఉన్నాయి. నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌తో కలిసి పనిచేసే ‘నవ్య’ అనే ఆన్‌లైన్ సేవ రిపోర్టులు చూసి నిపుణుల అభిప్రాయం తెప్పిస్తుంది. రెండో అభిప్రాయం అడిగితే డాక్టరుకు కోపం వస్తుందని జంకే వాళ్లకు చెబుతున్నాను, అది రోగి హక్కుల పత్రంలో రాసి ఉన్న హక్కు. కేస్ షీట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ఏది ప్రభుత్వ ఆరోగ్య పథకం కిందికి వస్తుంది, ఏది జేబులోంచి పెట్టుకోవాలి అన్నది మొదటి రోజే రాయించుకోండి. పాలియేటివ్ కేర్ అనగానే ఆఖరి రోజులని బెదిరిపోకండి. నొప్పి, వాంతులు, నిద్రలేమి తగ్గించే ఆ వైద్యం కీమోతో పాటే తీసుకోవచ్చు.

వీటన్నిటికన్నా కొరతగా ఉన్నది, ఇదే దారి నడిచివచ్చిన మరో స్త్రీ. రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్నవారు మన దగ్గర వేదికలెక్కి మాట్లాడుతున్నారు. అండాశయ క్యాన్సర్ గురించి బయటికి మాట్లాడేవారు తక్కువ. మనీషా కొయిరాలా 2012లో ఈ జబ్బు బారిన పడి, తర్వాత దానిమీద పుస్తకమే రాశారు. కానీ సినిమా తారకు న్యూయార్క్ వైద్యం అందింది. మదనపల్లెలోనో మహబూబాబాద్‌లోనో ఉన్న తల్లికి ‘నాకూ జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది’ అని తన మాటల్లో చెప్పే మనిషి కావాలి. వైద్యం ముగించుకున్నవారిలో ఇష్టపడేవాళ్లను కొత్తగా వచ్చినవారికి పరిచయం చేయడం ఆసుపత్రికి పెద్ద ఖర్చు కాదు.

ఆరోగ్య పథకాల కింద ఈ చికిత్సకు డబ్బు చెల్లిస్తున్న రెండు ప్రభుత్వాలూ ఆసుపత్రులకు ఒక షరతు పెట్టాలి. జబ్బు రకం, దశ, చికిత్స ప్రణాళిక, జ్వరం వస్తే రాత్రిపూట చేయాల్సిన ఫోన్ నంబరు, ఇవన్నీ తెలుగులో రాసిన కాగితం ఆమె చేతికే ఇవ్వాలి. చదవలేకపోతే నర్సు చదివి వినిపించాలి. బీఆర్‌సీఏ పరీక్షనూ, దానికి ముందు వెనకల కౌన్సెలింగ్‌నూ ప్యాకేజీలో చేర్చాలి. ప్రభుత్వాలు కదిలేలోపు కుటుంబాలు చేయగలిగింది ఒకటుంది. డాక్టరును కలిసేటప్పుడు అమ్మను పక్కనే కూర్చోబెట్టుకోండి, మొదటి ప్రశ్న ఆమెనే అడగనివ్వండి.