కాసిం రజ్వీ: న్యాయమునకు దూరమైన న్యాయవాది

చిల్పూరు గుట్ట పరిసరముల నివసించు మాకు రజాకార్ల మాట పుస్తకములలో చదివినది కాదు. పెద్దల నోట విన్నది. వారి నాయకుడు సయ్యద్ కాసిం రజ్వీ పేరును నేడు పలువురు తమ రాజకీయ ప్రయోజనములకై తలచుచున్నారు. కావున మేము నాలుగు మాటలు చెప్పవలసియున్నది. ఏలన, ఆతడును మావలె న్యాయవాదియే.

అలీగఢ్‌లో చదివి లాతూరులో వకీలుగా నుండిన రజ్వీ, 1944లో బహదూర్ యార్ జంగ్ మరణించిన కొంతకాలమునకు మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడయ్యెను. 1947 అక్టోబరులో యథాతథపు టొడంబడికకై ఢిల్లీకి వెళ్ళనున్న రాయబారులను ఆతని అనుచరులు హైదరాబాదులోనే అడ్డగించిరి. ఛతారీ నవాబు ప్రధాని పదవి వీడెను; లాయక్ అలీ ఆ పీఠమెక్కెను. ప్రభుత్వ పదవి ఏదియు లేకయే, గుంపు బలముచే ప్రభుత్వమును శాసించుట ఎట్టిదో ఆనాడు తేటపడినది.

ఫలము ననుభవించిన వారెవరు? 1948 ఆగస్టులో నాటి జనగామ తాలూకాలోని బైరాన్‌పల్లి ప్రజలు తుపాకులకు బలియైరి. ఆ నెలలోనే, భారత యూనియనులో చేరుట మేలని వ్రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హత్యకు గురియయ్యెను. ఆతడును ముస్లిమే. రజ్వీ పాపమును ఆ మతమున కంతకును అంటగట్టువారు ఈ త్యాగమును తుడిచివేయుచున్నారు. రజాకార్ల అండతో పల్లెలను పీడించిన దేశముఖులు ఏ మతమువారో మా ప్రాంతీయులెరుగుదురు.

1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిపోగా రజ్వీ పట్టుబడెను. బీబీనగరు దోపిడి కేసులో 1950లో శిక్షపడగా, ఆతడు సర్వోన్నత న్యాయస్థానము నాశ్రయించి, రాజ్యాంగము 14వ అధికరణముచే తనకును సమాన రక్షణ గలదని వాదించెను! ఏ యూనియనును ధిక్కరించెనో దాని రాజ్యాంగమునే శరణు వేడెను. 1953లో అధిక సంఖ్యాక న్యాయమూర్తులు ఆ వాదమును త్రోసివేసిరి. కాని విన్న పిదపనే త్రోసివేసిరి. 1957లో విడుదలై పాకిస్తానమునకు వెళ్ళి, 1970లో కరాచీలో మరణించెను.

రజ్వీకి దక్కిన ఆ విచారణ, సైనిక చర్య పిమ్మట ఉస్మానాబాదు, బీదరు జిల్లాలలో చంపబడిన నిరపరాధులైన ముస్లిములకు దక్కలేదు. సుందర్‌లాల్ బృందము నివేదించిన ఆ దారుణమును దాచుట దేశభక్తి కానేరదు.

ఇకముందు ఏ నాయకుడు ఏ మతము పేర దండు కట్టి వచ్చినను చదువరులు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: తనకు గిట్టనివానికిని న్యాయస్థానమున నిలిచి మాటలాడు హక్కు గలదని ఈతడు ఒప్పుకొనునా? ఒప్పుకొననిచో వాని వెంట నడువరాదు.