రెగ్యులేటర్ మరమ్మతు: పొదుపు ఎక్కడ చేయాలి, ఎక్కడ చేయకూడదు?

స్కూబా సిలిండర్ నిండా ఉన్నప్పుడు లోపలి గాలి పీడనం సుమారు 200 బార్లు. దాన్ని నేరుగా పీల్చలేం. రెగ్యులేటర్ మొదటి దశ ఆ పీడనాన్ని చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే 9-10 బార్లు మాత్రమే ఎక్కువ ఉండేలా తగ్గిస్తుంది. నోట్లో ఉండే రెండో దశ, డైవర్ పీల్చినప్పుడే గాలిని వదులుతుంది. 1943లో ఫ్రాన్స్‌లో ఎమిల్ గాన్యాన్, జాక్ కూస్తో రూపొందించిన ఆక్వాలంగ్ పనిచేసిందీ ఈ సూత్రం మీదే.

లోపల ఉండేవి స్ప్రింగులు, రబ్బరు ఓ-రింగులు, ఒక చిన్న వాల్వు సీటు. పనితనం తెలిసినవారు విప్పి బాగుచేయగలిగిన యంత్రమే ఇది. అడ్డొచ్చేది ప్రత్యేక పనిముట్ల ధర. అయితే వాటన్నిటికీ ఒకే విలువ లేదు. తిప్పే పనిముట్టులో పొదుపు చేయవచ్చు, కొలిచే పనిముట్టులో చేయకూడదు.

మొదటి దశను వైస్‌లో బిగించేందుకు మర ఉన్న కడ్డీ, మూత విప్పే పిన్ స్పానర్ లాంటివి లేత్ మిషన్ ఉన్న ఏ వర్క్‌షాపులోనైనా తయారవుతాయి. కొలతలు సరిపోతే చాలు. ఓ-రింగు తీసే పుల్ల ఇత్తడిదో ప్లాస్టిక్‌దో కావాలి. ఉక్కు సూది వాడితే గాడి గీసుకుపోతుంది. ఆ గీత గుండా గాలి కారుతుంది.

మధ్యస్థ పీడనం చూపే గేజ్ సంగతి వేరు. సిలిండర్ తెరిచాక ముల్లు ఒక అంకె దగ్గర నిలిచిపోవాలి. మెల్లగా పైకి పాకుతుంటే సీటు అరిగిందని అర్థం. అలా పెరిగిన పీడనం రెండో దశను తెరిచేసి గాలి ధారగా పోతుంది. 20 మీటర్ల లోతులో చుట్టూ పీడనం 3 బార్లు. అక్కడ అలా జరిగితే సిలిండర్ కొద్ది నిమిషాల్లోనే ఖాళీ అవుతుంది. తప్పు చూపే గేజ్ ఈ హెచ్చరికను దాచేస్తుంది. గేజ్ లేకపోవడం కన్నా అది ప్రమాదం. గ్రీజు విషయంలోనూ అంతే. ఆక్సిజన్ శాతం ఎక్కువగా ఉన్న మిశ్రమాలకు ఆక్సిజన్‌కు తగిన గ్రీజే వాడాలి. మామూలుది అంటుకునే ప్రమాదం ఉంది.

పనిముట్లు సమకూరినా చిక్కు తీరదు. చాలా కంపెనీలు విడిభాగాల కిట్లను, సర్వీస్ మాన్యువళ్లను అధీకృత డీలర్లకే ఇస్తాయి. భద్రత కోసమే అంటాయి. ఆ వాదనలో నిజం ఉంది. కానీ అసలు సీటు దొరకని డైవర్ పాత సీటునే మళ్లీ బిగిస్తాడు. అప్పుడు భద్రత పెరిగినట్టా, తగ్గినట్టా?

మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాల మీద దృష్టి పెట్టింది. అండమాన్ నుంచి విశాఖ రుషికొండ దాకా డైవింగ్ సాగుతున్న దేశంలో ఊపిరిని మోసే పరికరానికీ ఆ చర్చలో చోటుండాలి. శిక్షణ పొందినవారికి కిట్టు, మాన్యువల్, సరైన కొలతలు అందుబాటులో ఉంచడమే న్యాయం. శిక్షణ లేనివారు మాత్రం చవక పనిముట్లు చూసి రెగ్యులేటర్ విప్పకపోవడమే మేలు.